ఒక్క కథా రాయనివాడు

మా ఎం.ఏ. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక మెసేజ్ వచ్చింది. చనిపోయిన మా స్నేహితుడి మీద స్మారక సంచిక వేద్దాం, తలా రెండు పేజీలు రాయండి, చివర్లో వాడి రచనలు చేరుద్దాం, అవి సేకరించి పంపే పని నీదే అని నన్ను పేరు పెట్టి పిలిచారు. కింద ఇరవై మంది దాకా దండం పెట్టే బొమ్మలు పెట్టారు.

ముందు నవ్వొచ్చింది. కాసేపటికి కోపం వచ్చింది. వాడి రచనలు ఏమిటో నాకు తెలుసు. సగంలో ఆపేసిన పీహెచ్‌డీ సినాప్సిస్ ఒకటి. స్కూల్లో ఇచ్చిన సెలవు చీటీలు. ఊళ్ళో వాళ్ళ తరఫున ఎమ్మార్వోకీ కలెక్టరుకీ రాసిన అర్జీలు. ఈ అర్జీలు వందల్లో ఉంటాయి, కాకపోతే కింద సంతకాలూ వేలిముద్రలూ వేరేవాళ్ళవి. కథ ఒక్కటీ లేదు. కవిత అసలే లేదు. మా బ్యాచ్ మొత్తానికి కవిత్వం రాయనివాడు వాడొక్కడే. అది వాడి గొప్పల్లో ఒకటిగా నేను లెక్కేస్తాను.

పేరు రాయను, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. "వాడు" అనే అంటాను. ముప్పై ఏళ్ళుగా అలాగే అన్నాను.

సంక్రాంతికి పది రోజుల ముందు పోయాడు. యాభై మూడేళ్ళు. సంతాప సభలో నలుగురు మాట్లాడారు, నలుగురూ ఒకే మాట తిప్పి తిప్పి చెప్పారు. సాహిత్యమే ఆయన్ని అంత మంచి మనిషిని చేసిందట. నన్నూ మాట్లాడమన్నారు. గొంతు పట్టేసిందని తప్పించుకున్నాను. గొంతు బాగానే ఉంది. దండ వేసిన ఫోటో ముందు నిలబడి ఆ మాట తప్పని చెప్పడానికి మొహమాటపడ్డాను, అంతే.

వాడు చదివిన పుస్తకాలే నేనూ చదివాను. చాలాసార్లు అదే కాపీ, వాడి చేతిలోంచి నా చేతిలోకి. ఒకే బెంచీ, ఒకే మెస్సు, అవే పాఠాలు. పుస్తకాలకి మనిషిని మార్చే శక్తే ఉంటే ఈపాటికి నేనూ వాడిలా తయారై ఉండాలి. అవలేదు. అవలేదని నాకు ఏ రోజు తెలిసిందో కూడా చెప్పగలను. అది 1995లో, ఆంధ్రా యూనివర్సిటీ ఔట్‌గేటు దగ్గర ఒక ఎస్‌టీడీ బూతులో, అంటే డబ్బు కట్టి దూరపు ఊళ్ళకి ఫోన్ చేసుకునే చోట, రాత్రి పదకొండు దాటాక.

ఆ రాత్రి సంగతి చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1994లో ఎం.ఏ. తెలుగులో చేరాం. నాది తెనాలి. మా ఊరి కాలవ నీళ్ళలోనే సాహిత్యం ఉందని నమ్మే రకాన్ని. వాడిది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా ఆ చివర, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య ఒక ఊరు. మేం చేరేటప్పటికి కథకులు రావిశాస్త్రి గారు పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇంకో కథకులు చాసో గారు ఆ జనవరిలోనే పోయారు. పెద్దవాళ్ళందరూ వెళ్ళిపోయాక వచ్చామే అని నేను తెగ బాధపడేవాణ్ణి. వాడు మాత్రం, "రాసినాయన పోనాడు గానీ రాయించినవాళ్ళు ఇక్కడే ఉన్నారు కదరా" అనేవాడు.

ఊరికే అనలేదు. ఆ మరుసటి జనవరి 16 నుంచి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరు. అంతకు ముందెప్పటిదో నిషేధం రోజుల్లో కోర్టుల చుట్టూ తిరిగిన సారా కేసుల మనుషుల మీద 'ఆరు సారా కథలు' రాశారు. అందులో 'మాయ' అనే కథలో ముత్యాలమ్మ అనే ముద్దాయి, కోర్టంటే అసలేమిటో ఒక జూనియర్ ప్లీడరుకి విడమర్చి చెబుతుంది. మా క్లాసులో అందరం ఆ కథ చదివాం. శైలి గురించి, ఉపమానాల గురించి వ్యాసాలు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. అదే సమయంలో అదే ఊళ్ళో సారా కేసులు మళ్ళీ కోర్టుకి వస్తున్నాయి. బస్సెక్కి అక్కడికి వెళ్ళినవాడు వాడొక్కడే. జిల్లా కోర్టు వరండాలో, చెట్ల కింద, వాయిదా కోసం వచ్చి కూచున్నవాళ్ళ పక్కన కూచునేవాడు. పరిశోధన కోసం కాదు. ఊరికే కూచునేవాడు, వాళ్ళు పెట్టిన జంతికలు తినేవాడు.

ఒక రోజు ఒకామె అడిగిందట, "ఏటి సదువుతన్నావు బాబూ?" అని.

"తెలుగు."

"తెలుగు సదవడానికేటుంది? వచ్చు గదా!"

ఈ ముక్క వాడు ముప్పై ఏళ్ళు చెప్పుకు తిరిగాడు. తర్వాత స్కూల్లో పిల్లలకి మొదటి రోజు మొదటి పాఠం ఇదేనట. తెలుగు మీకు వచ్చు, నాకేం పనుందో మీరే చెప్పండి అనేవాడట.

ఇప్పుడు ఎస్‌టీడీ బూతు.

మా హాస్టల్ మెస్సులో కూరగాయలు కోసి, గిన్నెలు తోమే ఆవిడ ఒకరుండేవారు. ఎచ్చెర్ల వైపు సముద్రం ఒడ్డు ఊరు. వాడు ఆవిణ్ణి "అప్పా" అని పిలిచేవాడు. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క అని నాకు తెలియదు. ఆడమనిషిని పట్టుకుని అప్పా ఏమిటి, కన్నడమా, అని మొదటి వారం అంతా ఎగతాళి చేశాను. ఆవిడ కొడుకు గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్ళాడు. మా గుంటూరు వైపువాళ్ళకి ఆ పేరు కూడా తెలియదు గానీ, శ్రీకాకుళం తీరంలో ఏ గడపలో అడిగినా వెరావల్ వెళ్ళినవాడు ఒకడుంటాడు. ఇక్కడ జెట్టీలు లేవు, చేపలు లేవు, అక్కడ బోట్లున్నాయి, జీతముంది.

నేను ఆవిడ మీద కథ రాశాను. కథలో కొడుకు తుఫానులో పోతాడు. తల్లి సంగతి తెలియక రోజూ సాయంత్రం బీచికి వెళ్ళి సముద్రం కేసి చూస్తూ ఏడుస్తుంది. ఒక వారపత్రికలో వేశారు. నూట యాభై రూపాయలు పారితోషికం మనియార్డరు వచ్చింది. బ్యాచ్ అంతా టీ పార్టీ అడిగారు.

వాడు ఆ పత్రిక పట్టుకుని మెస్సు మూసేశాక ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిణ్ణి సంతోషపెడదామనే వెళ్ళాడు, ఆ మాట తర్వాత వాడే ఒప్పుకున్నాడు. అప్పా, నీ మీద కథ పడింది, ఇదిగో, అని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. ఆవిడ అంతా విని, "మా గుంటడు పోనాడా బాబూ?" అంది.

పేపర్లో వేశారంటే నిజమే కదా. మనం ఏదో జరిగింది గనకే రాశాం, మనకి ముందు తెలిసింది, ఆవిడకి చెప్పడానికి ధైర్యం చాలక చదివి వినిపిస్తున్నాం. ఆవిడ అలా అర్థం చేసుకుంది. కథ అంటే కల్పన అని వాడు ఎంత చెప్పినా వినలేదు. "మరి నా పేరు లేదు గానీ అంతా నాదే రాసినారు గదా. అదొక్కటే అబద్ధమెలాగవుద్ది?" అని అడిగింది. దీనికి సమాధానం నాకు ఇప్పటికీ తెలియదు. కథానిక శిల్పం మీద నేను రెండేళ్ళు చదివిన పాఠాల్లో ఇది లేదు.

ఆ రాత్రే ఆవిణ్ణి తీసుకుని ఔట్‌గేటు దగ్గర బూతుకి వెళ్ళాం. పదకొండు దాటితే పావు చార్జీ, అందుకని క్యూ. ఆవిడ దగ్గర చిన్న కాగితంలో బోటు సేఠ్ నంబరు ఉంది. వాడికి వచ్చిన హిందీ రేడియో హిందీ. అవతలివాడికి వచ్చింది గుజరాతీ. బిల్లు మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే తేలిందేమిటంటే, బోటు వేటకెళ్ళింది, నాలుగు రోజులకి వస్తుంది. అప్పుడు చేయండి.

ఆ నాలుగు రోజులూ ఆవిడ పనికి వచ్చింది. నేనే మెస్సుకి వెళ్ళలేదు. మద్దిలపాలెంలో బండి దగ్గర ఇడ్లీలు తిని కాలక్షేపం చేశాను. ఆవిడ మొహం చూడలేక అని అప్పుడు చెప్పుకున్నాను. నిజానికి, ఆవిడ నన్ను చూస్తుందేమోనని.

నాలుగో రాత్రి కొడుకు లైన్లోకి వచ్చాడు. ఆవిడ ఏడవలేదు. "ఉత్తరం ముక్క రాయలేవేట్రా" అని రెండు నిమిషాలు తిట్టింది. తర్వాత, "ఇక్కడొక బాబు నిన్ను సంపేసినాడ్రా" అని నన్ను చూపిస్తూ పకపకా నవ్వింది. అవతలివాడికి ఏం అర్థమైందో మరి. బయటికొచ్చాక నాకేసి తిరిగి, "కథ బావుంది బాబూ. గానీ నానెప్పుడూ బీచికెళ్ళి ఏడవలేదు. నువ్వు సూసిన రోజు ఉల్లిపాయలు కోసుంటాను" అంది.

రెండు కాల్స్‌కీ కలిపి నూట పన్నెండు రూపాయలు. వాడు జేబులో చెయ్యి కూడా పెట్టలేదు. "కథ నీది, బిల్లూ నీదే" అన్నాడు. నడుస్తూ నడుస్తూ శివాజీపాలెం దాకా వెళ్ళాక ఇంకొక్క మాట అన్నాడు. "నీకు అప్ప ఏడుపు కావాలిరా, అప్ప అక్కర్లేదు."

నేను వారం రోజులు వాడితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను గానీ, ఆ మాటకి జవాబు మాత్రం ఇప్పటిదాకా ఇవ్వలేదు.

అందుకే సంతాప సభలో విన్న మాట నాకు మింగుడుపడలేదు. సాహిత్యం వాణ్ణి మనిషిని చేయలేదు. వాడు ముందే మనుషుల పిచ్చివాడు. బస్సులో పక్కన కూచున్నవాడి పేరు, ఊరు, ఇంట్లో గేదె ఈనిందా లేదా అన్నీ స్టాపు వచ్చేలోపు తెలుసుకునేవాడు. చుట్టుపక్కల మనుషులు చాలక, చనిపోయినవాళ్ళనీ, ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళనీ, అసలు పుట్టనివాళ్ళనీ కూడా కలుద్దామని పుస్తకాల్లోకి వెళ్ళాడు. నేను వెళ్ళింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మనుషులతో వేగలేక పుస్తకాల్లోకి వెళ్ళాను. ఒకే లైబ్రరీలో ఎదురెదురుగా కూచున్నాం, కానీ నేను లోపలికి పారిపోతున్నాను, వాడు బయటికి వెళ్ళే దారి వెతుక్కుంటున్నాడు. మన సాహిత్య సభల్లో నాలాంటివాళ్ళే ఎక్కువ. మైకు ముందు ప్రజలు ప్రజలు అంటూ, కార్లోకి ఎక్కాక డ్రైవరు పేరు కూడా అడగనివాళ్ళని నేను ఎంతమందిని చూశానో లెక్కలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. బాగా చదివినవాళ్ళు, బాగా రాస్తారు కూడా. చదువుకీ దానికీ సంబంధం లేదు, అంతే నేననేది.

వాడికి ఇష్టమైన పెద్దమనిషి గిడుగు రామమూర్తి గారు. అందులో వింతేముంది, శ్రీకాకుళం వాడు కదా అనుకునేవాళ్ళం. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసి, వాడుక భాష కోసం పోరాడాడని దండలు వేస్తాం. వాడికి ఆ గిడుగు కన్నా సవరల గిడుగు ముఖ్యం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, కొండల మీంచి వచ్చే సవర గిరిజనుల మాట అర్థం కావట్లేదని, ఆ భాషా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నాడు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. దినోత్సవం నాడు ఈ సంగతి ఎవరైనా ఒక్క వాక్యం అంటే గొప్ప. "పక్కవాడి మాట అర్థంకాకపోతే మనం నేర్చుకోవాలి అన్నాడ్రా ఆయన. వాడుక భాష గొడవంతా అందులోంచే పుట్టుంటుంది" అని వాడి సిద్ధాంతం. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో నాకు అనవసరం. నాకు నచ్చింది.

1997 ఫిబ్రవరిలో కారా మాస్టారు, అంటే కథకులు కాళీపట్నం రామారావు గారు, శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి, తన అవార్డు డబ్బు కూడా పెట్టి తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టించారు. ఆ వేసవిలో ఇద్దరం వెళ్ళాం. నేను బీరువాల ముందు నిలబడి, ఎప్పటికైనా నా పేరు ఇందులో ఉంటుందని కలలు కంటున్నాను. వాడు నేల మీద బాసింపట్టు వేసుకుని పాత పత్రికలు తిరగేస్తున్నాడు. కథలు కాదు. పాఠకుల ఉత్తరాలు. ఫలానా సంచికలో ఫలానా కథ బాగుంది, ఇట్లు ఫలానా, సామర్లకోట. ఇట్లు ఫలానా, నందిగామ. ఇట్లు ఒక సోదరి, బళ్ళారి. ఆ పేర్లు పైకి చదువుతూ, "వీళ్ళందరూ ఏమైపోనారో గదా" అన్నాడు. కథలు రాసినవాళ్ళ వివరాలు ఎవరో ఒకరు పోగుచేస్తారు. పోస్టుకార్డు కొని, కథ గురించి నాలుగు ముక్కలు రాసి పంపినవాళ్ళ సంగతి ఎవడిక్కావాలి? తెలుగు కథ నూరేళ్ళు బతికిందంటే సగం వాళ్ళ చలవే అని వాడి వాదన. అప్పుడు కొట్టిపారేశాను. ఇప్పుడు నేనూ అదే అంటున్నాను. మన సాహిత్య చరిత్రంతా రాసినవాళ్ళ జాబితా. చదివినవాళ్ళకి అందులో ఒక్క పేరా కూడా ఉండదు.

వాడికి డీఎస్సీలో తెలుగు పండిట్ ఉద్యోగం వచ్చింది, సొంత ప్రాంతంలోనే. ఉద్దానం గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. పచ్చటి తోటల మధ్య ఊరూరా కిడ్నీ జబ్బు. నీళ్ళన్నారు, ఎండన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఇదీ కారణమని తేలనేలేదు. అక్కడ కుశల ప్రశ్న కూడా "క్రియాటిన్ ఎంత?" అనే, అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె. డయాలసిస్ సెంటర్లు దగ్గర్లో రాకముందు ఆ జనం విశాఖ దాకా రావాల్సి వచ్చేది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో సారి నాలుగు గంటలు మిషను మీద. వాడు సెలవు పెట్టుకుని తోడు వచ్చేవాడు. మా స్కూల్ పిల్లాడి నాన్న, మా వీధి బావ, ఎవరో ఒకరు.

సంతాప సభలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, ఆయన డయాలసిస్ మంచాల పక్కన కూచుని రోగులకి కథలు చదివి వినిపించేవాడు, అదీ సాహిత్యమంటే, అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. జరిగింది నాకు వాడే చెప్పాడు. చదివింది రెండంటే రెండు రోజులు. రెండో రోజు ఒక ముసలాయన, "మేస్టారూ, పుస్తకం మూసి ఊళ్ళో కబుర్లేమైనా సెప్పండి. ఎవలికి పెళ్ళి కుదిరింది, ఎవల తోట ఎంతకి పోయింది" అన్నాడు. మూడో రోజు నుంచి వాడు పుస్తకం తేలేదు. పొద్దున్నే నాలుగు వీధులు తిరిగి కబుర్లు పోగేసుకుని వెళ్ళేవాడు. సభలో చప్పట్లు పడాల్సింది దీనికి. కానీ ఇందులో సాహిత్యం లేదు కదా.

మరి పుస్తకాలు వాడికేమీ ఇవ్వలేదా అని మా బ్యాచ్‌మేట్ ఒకామె ఫోన్లో గట్టిగానే అడిగింది. అన్యాయంగా మాట్లాడకూడదు. ఇచ్చాయి. మనిషి అన్న మాటని అన్నట్టుగా పట్టుకోవడం ఇచ్చాయి. ఎవరి గురించి చెప్పినా, ఆ మనిషి వాడిన మాటే, ఆ తూకంతోనే చెప్పేవాడు. ఊళ్ళో ఎవరైనా పోతే, పదో రోజు వాళ్ళ పిల్లలు వీడి దగ్గరికి వచ్చి, "మా అమ్మ అన్న ఆ మాట ఒకసారి సెప్పు మేస్టారూ" అనేవాళ్ళట. అప్ప విషయంలో నేను చేసిన తప్పు, అంటే ఉల్లిపాయల నీళ్ళని దుఃఖం చేసేయడం, వాడు చేయకపోవడానికి ఆ చదువు కొంత కారణం అయ్యుండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను.

అర్జీలు చూస్తే అది తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. పరిహారం కోసం వాడు రాసిపెట్టిన అర్జీల్లో ఒకటి నాకు చూపించాడు. "తమరి దయార్ద్ర హృదయానికి" లాంటి ముక్క ఒక్కటీ లేదు. "నాకు నలభై ఒక్క చెట్లు. ముప్పై పడిపోయాయి. తొమ్మిది తలలు విరిగి నిలబడ్డాయి. రెండు బాగున్నట్టు కనబడతాయి గానీ కాయవు, ఆ సంగతి మాకు తెలుస్తుంది. మళ్ళీ పెడితే కాపుకొచ్చేసరికి నేనుండను." కింద వేలిముద్ర. ఆ చివరి వాక్యం నీదా ఆయనదా అని అడిగాను. "నాదైతే కొట్టేసేవాణ్ణి" అన్నాడు.

వాడు దేవుడేమీ కాదు. పుస్తకం అప్పిస్తే తిరిగిరాదు. నావి పదిహేడు పోయాయి. ఊరందరి వాయిదాలూ గుర్తుండేవి గానీ, సొంత కూతురు పరీక్ష ఫీజు ఆఖరు తేదీ దాటిపోయింది ఒకసారి. మొన్న వేసవిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ కాఫీ ఇస్తూ, "మీ సాహిత్యం సంగతి నాకు తెలీదన్నయ్యా. గ్యాసు అయిపోయిందని నాలుగు సార్లు చెప్పాలి. అందరి క్రియాటిన్లూ చూసేవారు, ఆయన బీపీ మాత్రం చూపించుకోలేదు" అంది. కిడ్నీలు చివరిదాకా బాగానే ఉన్నాయి. పోయింది గుండెపోటుతో. ఆవిడ గొంతులో కోపం ఉంది. అది ఉండాల్సిన కోపమే. మనుషుల్ని అంతగా ప్రేమించేవాడి ఖర్చు ఎవరో ఒకరు ఇంట్లో కూచుని కడతారు. సంచికలో ఎవరూ ఈ మాట రాయరు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గ్రూపులో నా జవాబు పెట్టేశాను. రచనలు లేవు, వెతకొద్దు. సంచిక వేసి తీరాలంటే, వేలిముద్రలవాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటే అర్జీలు వేయండి. అవి సాహిత్యం కిందికి రావని ఒకాయన, వ్యక్తిగత సమాచారమని ఇంకొకాయన. చర్చ సాగుతోంది. మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు కూడా పెట్టారు.

వాళ్ళింటి నుంచి తిరిగి వస్తూ పలాసలో ప్యాసింజరు ఎక్కాను. పక్కన ఒక పెద్దాయన, కాళ్ళ దగ్గర గోనెసంచిలో పనసపండు. బోగీ అంతా దాని వాసనే. "ఏ ఊరు బాబూ? ఇటు సుట్టాలున్నారా?" అని అడిగాడు. ఫ్రెండు ఇంటికి వచ్చానని చెప్పి, సంచిలోంచి పుస్తకం తీశాను. ఆయన కాసేపు నా పుస్తకం అట్ట కేసి, కాసేపు కిటికీలోంచి చూశాడు. ఆమదాలవలస దాటాక ఇంకోసారి నా వైపు తిరిగాడు గానీ, ఏమీ అనలేదు. చీపురుపల్లిలో సంచి దించుకోవడానికి ఇబ్బంది పడుతుంటే ఒక చెయ్యి వేశాను. బండి కదిలాక, పేజీ తిప్పబోతూ, ఆయన పేరు అడగలేదని గుర్తొచ్చింది.